ఓమ్నీలో థర్మోస్టాట్ వాల్వ్ లేదు, పెట్టించాలా వద్దా?

మీరు రాసింది క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, చదివే మిగతావాళ్ళకు కూడా అర్థమవుతుంది. 2006 మోడల్ ఓమ్నీ, పెట్రోల్ ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు కంప్యూటరు లెక్క ప్రకారం పెట్రోల్ కొట్టే రకం) బండి, రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. వారానికి మూడుసార్లు అరకు నుంచి ఎస్.కోటకు కూరగాయలు తెస్తారు. హీట్ మీటర్ ముల్లు ఎప్పుడూ కిందనే ఉంటుంది, ఘాట్ దిగేటప్పుడైతే పూర్తిగా పడిపోతుంది. చలికాలం పొద్దున్నే బండి కుదుపులతో నడుస్తోంది, మైలేజీ 15 నుంచి 11కి వచ్చేసింది. ఒక మెకానిక్ చూసి, లోపల థర్మోస్టాట్ వాల్వే (ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్) లేదు, ఎవరో తీసేశారు అన్నాడు. ఇంకొకాయన, మన ఎండలకు ఆ వాల్వ్ అక్కర్లేదు, పెట్టారంటే ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ ఉడికిపోతుంది అన్నాడు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

పెట్టించండి. అయితే ఈ రోజే షాపుకెళ్ళి వాల్వ్ కొని బిగించేయకండి. ముందున్న ఓనరు దాన్ని ఎందుకు తీయించాడో తెలుసుకోవాలి. సరదాకి ఎవరూ వాల్వ్ తీయించరు. ఏదో ఎండాకాలంలో ఈ బండి ఉడికి ఉంటుంది. ఆ ఉడకడానికి కారణం ఇంకా బండిలోనే ఉంటే, కొత్త వాల్వ్ పెట్టిన వారంలోనే గాలికొండ ఎక్కుతూ మళ్ళీ ఉడుకుతుంది. అప్పుడు రెండో మెకానిక్ మాటే నిజమైందని అనుకుంటారు, వాల్వ్ మళ్ళీ చెత్తబుట్టలోకి పోతుంది.

నేను విజయనగరం వైపు షెడ్డు పనిలో ఉన్నది ముప్పై ఏళ్ళ పైమాట. పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రి పద్ధతి ఇదే. ఏప్రిల్, మే నెలల్లో ఉడికిన బండి షెడ్డుకొస్తే ముందు వాల్వ్ పీకేసేవాళ్ళం. అరగంట పని. బండి ఆ పూటకు చల్లబడేది, ఓనరు సంతోషంగా వెళ్ళిపోయేవాడు. సొంత షెడ్డు పెట్టాక కూడా కొన్నేళ్ళు నేను అదే చేశాను. ఒక స్కూల్ పిల్లల ఓమ్నీ నా కళ్ళు తెరిపించింది. దానికి వాల్వ్ తీసింది నేనే. ఏడాదిన్నర తర్వాత పొగ కొడుతోందని అదే బండి నా దగ్గరికి వచ్చింది. ఆయిల్ దించితే నీళ్ళలా పలచగా కారింది, గుప్పున పెట్రోల్ వాసన. ఇంజిన్ విప్పితే బోర్లు, అంటే పిస్టన్లు ఆడే సిలిండర్ గోడలు, అరిగి పై అంచులో మెట్టు పడింది. రోజూ పొద్దున రెండు మూడు కిలోమీటర్లు తిరగడం, ఆపడం, చల్లబడడం, మళ్ళీ స్టార్ట్ చేయడం. ఆ ఇంజిన్ ఏడాదిన్నరలో ఒక్కరోజు కూడా సరిగ్గా వేడెక్కలేదు. బోరు పని ఖర్చు ఆ డ్రైవరు ఎలా తెచ్చాడో నాకు తెలుసు. ఆ తర్వాత మళ్ళీ నా చేత్తో వాల్వ్ తీసి బండి పంపలేదు.

ఈ వాల్వ్ చేసే పని చాలామందికి తిరగేసి అర్థమైంది. ఇంజిన్‌ను చల్లబరిచేది రేడియేటర్, ఫ్యాన్, వాటర్ పంపు. ఇంజిన్ చాలినంత వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపేది థర్మోస్టాట్. దాని మధ్యలో ఇత్తడి గుండు ఉంటుంది, లోపల మైనం. చుట్టూ ఉన్న నీరు ఒక వేడికి రాగానే మైనం కరిగి ఉబ్బుతుంది, పిన్నును నెట్టి వాల్వ్ తెరుస్తుంది. చల్లబడితే స్ప్రింగు మూసేస్తుంది. కరెంటు లేదు, వైరు లేదు. ఈ బండ్లకు ఎక్కువగా 82 డిగ్రీలది వస్తుంది. అంటే 82 దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది, ఇంకో పది పదమూడు డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరిచి ఉంటుంది.

ఘాట్ ఎక్కేటప్పుడు ఫస్టు, సెకండు గేర్లలో ఇంజిన్ గట్టిగా లాగుతుంటే వాల్వ్ ఎలాగూ పూర్తిగా తెరిచే ఉంటుంది. నీటి దారి కాస్త ఇరుకవుతుంది కానీ కంపెనీ రేడియేటర్‌ను లెక్క కట్టిందే ఆ వాల్వ్ ఉందనుకుని. మంచి వాల్వ్ ఉండి కూడా బండి ఉడుకుతోందంటే తప్పు మరోచోట ఉంది. వాల్వ్ తీసినప్పుడు కొంచెం ఎక్కువ నీరు తిరుగుతుంది, దాంతో ఆ తప్పు కొన్నాళ్ళు కనపడకుండా పోతుంది, అంతే.

వాల్వ్ లేకపోతే నీరు మరీ జోరుగా పరుగెడుతుంది, రేడియేటర్‌లో చల్లబడే టైము దొరకదు, అందుకే ఉడుకుతుంది అని చెప్పేవాళ్ళూ ఉన్నారు. అది సరికాదు. నీరు ఎంత జోరుగా తిరిగితే అంత వేడిని మోసుకుపోతుంది. అయితే కొన్ని ఇంజిన్లలో వాల్వ్ కింద ఇంకో చిన్న పళ్ళెం ఉంటుంది. పైది తెరుచుకున్నప్పుడు కిందిది బైపాస్ దారిని మూస్తుంది. అలాంటి ఇంజిన్లో వాల్వ్ మొత్తం పీకేస్తే వేడి నీరు రేడియేటర్‌కు పోకుండా బైపాస్‌లోంచి తిరిగి ఇంజిన్లోకే వచ్చేస్తుంది, అప్పుడు నిజంగానే ఉడుకుతుంది. మీ బండిలో ముల్లు లేవడం లేదు కాబట్టి మీకు ఆ సమస్య లేదు. వేరే వ్యాన్లున్నవాళ్ళు చదువుతారని రాశాను.

ఇంజిన్ చల్లగా తిరిగితే నష్టమేంటని మీరు అడగలేదు కానీ మీ మైలేజీ పడిపోవడానికి కారణం అదే. ఎంపీఎఫ్ఐ బండిలో నీటి వేడి చూసే సెన్సారు కంప్యూటరుకు చెబుతూ ఉంటుంది. నీరు 40, 50 డిగ్రీల దగ్గరే ఆగిపోతే, బండి ఇప్పుడే స్టార్ట్ అయిందనుకుని కంప్యూటరు పెట్రోల్ ఎక్కువ కొడుతూనే ఉంటుంది. పాత కార్బొరేటర్ బండిలో చోక్ సగం లాగి ఊరంతా తిరిగితే ఎలా ఉంటుందో అలా. కాలని పెట్రోల్ బోరు గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. పెట్రోల్ కాలినప్పుడు పుట్టే ఆవిరి చల్లటి ఇంజిన్లో నీరుగా మారి అది కూడా ఆయిల్లోకే చేరుతుంది. రేపు పొద్దున ఆయిల్ పోసే మూత తిప్పి లోపలివైపు చూడండి. పాల మీగడలాంటిది అంటుకుని ఉంటే అది ఈ తేమే. వెంటనే హెడ్ గ్యాస్‌కెట్ (ఇంజిన్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయిందని టెన్షన్ పడకండి. డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ మామూలు రంగులో ఉండి, రేడియేటర్ నీరు తగ్గకుండా ఉంటే ఆ మీగడ చల్లదనం వల్ల వచ్చిందే అయి ఉంటుంది.

మీది పెట్రోల్ బండి కానీ గ్యాస్ కిట్ ఉన్న ఓమ్నీ వాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది. ఎల్‌పీజీ రెగ్యులేటర్‌లో గ్యాస్ ద్రవం నుంచి ఆవిరి అయ్యేటప్పుడు చాలా చల్లబడుతుంది. దాన్ని వేడిగా ఉంచేది ఇంజిన్ నుంచి వచ్చే వేడి నీరే. వాల్వ్ లేని బండిలో చలికాలం రెగ్యులేటర్ మీద మంచు పట్టి బండి ఆగిపోతుంది.

ఇక మీ బండి సంగతి. లోపల వాల్వ్ లేదన్న మాట నిజమో కాదో విప్పకుండానే మీరే తేల్చుకోవచ్చు. రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేసి, రేడియేటర్ పైనుంచి ఇంజిన్‌కు వెళ్ళే లావు పైపు మీద చెయ్యి పెట్టండి. ఫ్యాన్‌కూ బెల్టుకూ చెయ్యి, తువ్వాలు, చొక్కా అంచు తగలకుండా చూసుకోండి. వాల్వ్ బాగుంటే ఆ పైపు చాలా నిమిషాలు చల్లగానే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నిమిషం రెండో నిమిషం నుంచే కొద్దికొద్దిగా గోరువెచ్చగా మారుతోందంటే వాల్వ్ లేదు, లేదా తెరుచుకుని బిగుసుకుపోయింది. ఇంకొంచెం నమ్మకం కావాలంటే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. లోపల నీరు వెంటనే పారుతూ కనిపిస్తే ఆపేవాడు లేడన్నమాట.

ముల్లు అబద్ధం చెబుతోందేమో కూడా చూడాలి. ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి, మీటరుకు వెళ్ళే ఒంటి వైరు సెన్సారు నుంచి పీకి ఒక్క క్షణం ఇంజిన్ బాడీకి తాకిస్తే ముల్లు పైకి లేవాలి. లేస్తే మీటరు, వైరు బాగున్నట్టే. పక్కన రెండు వైర్లున్నది కంప్యూటరు సెన్సారు, దాన్ని ఇలా ముట్టుకోకండి.

ఇప్పుడు అసలు పని, తీసిన కారణం వెతకడం. నేను ఎక్కువసేపు గడిపేది ఇక్కడే.

చల్లటి ఇంజిన్లో రేడియేటర్ మూత తీసి నీటి రంగు చూడండి. మన దగ్గర నూటికి తొంభై పాత వ్యాన్లలో కూలెంట్ ఉండదు, బోరుబావి నీళ్ళే. టీ డికాషన్ రంగులో తుప్పు నీళ్ళు వస్తే రేడియేటర్ సన్న గొట్టాల్లో కూడా అదే పేరుకుని ఉంటుంది. ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టే సున్నం లాంటిదే లోపలా పడుతుంది. రేడియేటర్ పట్టేసిందా లేదా చూడడానికి, బండి బాగా తిరిగొచ్చాక ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ తాళం తీసేసి, రేడియేటర్ కోర్ (సన్న గొట్టాలు, రెక్కలు ఉండే మధ్య భాగం) మీద చేతిని దగ్గరగా కదపండి. అంతా ఒకేలా వేడిగా ఉండాలి. అక్కడక్కడ చల్లటి పట్టీలు తగిలితే అక్కడ నీరు పోవడం లేదు. ఈ పరీక్ష మీ బండికి ఇప్పుడు అంతగా కుదరకపోవచ్చు, నీరే సరిగా వేడెక్కడం లేదు కదా. అలాంటప్పుడు రేడియేటర్ దించి, రేడియేటర్ పని చేసేవాళ్ళ దగ్గర తెరిపించి రాడ్డింగ్ (గొట్టాల్లోకి సన్న కడ్డీలు దూర్చి శుభ్రం చేయడం) చేయించడమే మంచిది. ఓమ్నీలో రేడియేటర్ ముందు కింద ఉంటుంది, వానాకాలం అరకు రోడ్డు మట్టి అంతా దాని రెక్కల్లోకే పోతుంది. వెనక నుంచి ముందుకు నీళ్ళు కొట్టి కడగండి, కానీ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

ఫ్యాన్ తనంతట తాను తిరుగుతోందా చూడండి. వాల్వ్ లేని మీ బండిలో ఫ్యాన్ తిరిగేంత వేడి ఎప్పుడూ వచ్చి ఉండదు కాబట్టి, ఫ్యాన్ మోటారు ఏడాదిగా పాడై ఉన్నా మీకు తెలియదు. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి మోటారు తిప్పి చూపించమనండి. నేను చూసిన బండ్లలో వాల్వ్ తీయించడానికి అసలు కారణం చాలాసార్లు ఈ ఫ్యానే. స్విచ్చి పోయి ఉంటుంది, లేదా వైరు తెగి ఉంటుంది. ఎక్కడో తెగిన చిన్న వైరుకు శిక్ష వాల్వ్‌కు పడింది.

రేడియేటర్ మూతను చిన్నచూపు చూడకండి. లోపల ఒత్తిడిని పట్టి ఉంచేది అదే. మూత మీద 0.9 అని ఉందంటే, ఆ ఒత్తిడిలో మామూలు నీరు కూడా సుమారు 118 డిగ్రీలకు గానీ మరగదు. రబ్బరు ఎండిపోయిన మూత ఉంటే 100కే మరుగుతుంది, అరకులో అయితే ఇంకా ముందే, ఆ ఎత్తులో నీరు 97 దగ్గరే మరుగుతుంది. కొత్త మూత కొన్నా ఆ నంబరే కొనండి.

మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తుంటే, లేదా కారిన చోటు కనపడకుండా నీరు తగ్గిపోతుంటే, అప్పుడు హెడ్ గ్యాస్‌కెట్‌ను అనుమానించాలి. అది తేలేదాకా వాల్వ్ పెట్టి లాభం లేదు. వాటర్ పంపు కింద నీటి చెమ్మ, తెల్లటి మరకలు ఉన్నాయా, బెల్టు వదులుగా ఉందా అన్నది కూడా అదే పూటలో చూడొచ్చు.

ఇవన్నీ సరి అయ్యాక వాల్వ్ కొనండి. ఖరీదు కొన్ని వందలే కాబట్టి పేరున్న కంపెనీదే తీసుకోండి, గ్యాస్‌కెట్ కూడా వెంట తెచ్చుకోండి. కింద అచ్చేసిన డిగ్రీల నంబరు చూసుకోండి. తెచ్చినది కొత్తదైనా పరీక్షించకుండా నేను బిగించను. వాల్వ్ పళ్ళేన్ని కొంచెం ఎత్తి సందులో దారం పెట్టి వదిలితే స్ప్రింగు దారాన్ని పట్టుకుంటుంది. ఆ దారంతోనే గిన్నెలో నీళ్ళలో అడుగు తగలకుండా వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి. వేడి కొలిచే థర్మామీటరు కూడా ఉంటే మరీ మంచిది. 82 దగ్గరికి రాగానే దారం వదిలేసి వాల్వ్ గిన్నెలో పడుతుంది. ఇంకా కాచితే పెన్సిలు దూరేంత తెరుచుకోవాలి. అరకులో 97కే మరిగినా ఈ పరీక్షకు అది చాలు. తీసి చల్లబెడితే పూర్తిగా మూసుకోవాలి.

బిగించే పని పెద్దది కాదు, తొందర పడితేనే పాడవుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక నీరు దించండి. వేడి రేడియేటర్ మూత తీసి ముఖం కాల్చుకున్నవాళ్ళను నేను చూశాను, ఈ ఒక్క విషయంలో ఎవరు తొందరపెట్టినా వినకండి. పాత కూలెంట్ ఉంటే నేల మీద వదిలేయకండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు, మేకలు తాగుతాయి, చచ్చిపోతాయి. డబ్బాలోకి పట్టి మూత పెట్టండి.

సీటు లేపి ఇంజిన్ మూత తీశాక, రేడియేటర్ పై పైపు ఇంజిన్‌కు చేరేచోట రెండు బోల్టుల చిన్న అల్యూమినియం మూత కనిపిస్తుంది. వాల్వ్ ఉండాల్సింది దాని కింద. ఏళ్ళ తరబడి బోరుబావి నీళ్ళు తాగిన బండి కాబట్టి ఆ బోల్టులు పట్టేసి ఉంటాయి. స్పానర్ పెట్టి బలంగా లాగితే తల తెగి సగం లోపలే ఉండిపోతుంది, అక్కడినుంచి అరగంట పని రెండు రోజులవుతుంది. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి, సుత్తితో తల మీద మెల్లగా తట్టండి, కొంచెం విప్పి మళ్ళీ కొంచెం బిగిస్తూ ఓపిగ్గా తీయండి.

మూత తీశాక లోపల ఒట్టి రింగు కనిపించినా ఆశ్చర్యపోకండి. కొందరు మధ్యలోని గుండును కొట్టేసి, నీరు కారకుండా అంచు రింగు మాత్రం ఉంచేస్తారు. దాన్ని తీసేయండి. వాల్వ్ కూర్చునే గాడిలో తుప్పు, పాత గమ్ము ఏమీ లేకుండా గీకండి, గీకిన పొట్టు లోపలికి రాలకుండా గుడ్డ అడ్డం పెట్టండి. అల్యూమినియం మూత లోపలి అంచు పురుగు తిన్నట్టు గుంటలు పడి ఉంటే గమ్ము నింపి సరిపెట్టకుండా మూత మార్చేయండి. వాల్వ్‌ను స్ప్రింగు, గుండు ఇంజిన్ వైపు ఉండేలా కూర్చోబెట్టండి. అంచులో చిన్న రంధ్రం, అందులో కదిలే పిన్ను ఉంటాయి, అది పైవైపుకు రావాలి. లోపల చిక్కిన గాలి బయటపడే దారి అదే. ఇది తిరగేసి పెట్టిన బండ్లు కూడా నా షెడ్డుకు వచ్చాయి. గ్యాస్‌కెట్ కొత్తది ఉంటే గమ్ము పలచగా రాస్తే చాలు. బోల్టులు ఒకటి కొంచెం, ఇంకొకటి కొంచెం బిగిస్తూ రండి. అల్యూమినియం మరలు త్వరగా పోతాయి, చెయ్యి బలం చూపించకండి.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి. డబ్బా మీద ముందే కలిపినది అని ఉంటే నీరు కలపనక్కర్లేదు. మంచు గడ్డకట్టడం మన దగ్గర లేకపోయినా, తుప్పు పట్టకుండా చూసేది కూలెంటే.

ఓమ్నీలో చాలామంది తప్పేది గాలి తీయడంలో. రేడియేటర్ ముందు కింద, ఇంజిన్ సీటు కింద, మధ్యలో పొడుగాటి పైపులు. గాలి ఎక్కడో ఒకచోట చిక్కుకుంటుంది. మీకు వాలు రోడ్లకు కొదవ లేదు కాబట్టి బండి ముందుభాగం ఎత్తులో ఉండేలా ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్ళు పెట్టండి. మెల్లగా పోస్తూ పైపులను చేత్తో నొక్కుతూ వదులుతూ ఉండండి. బుడగలు ఆగాక మూత తీసే ఉంచి స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదలండి. వాల్వ్ తెరుచుకోగానే నీటి మట్టం ఒక్కసారి కిందికి దిగుతుంది, మళ్ళీ నింపి మూత పెట్టండి. రిజర్వ్ డబ్బా గుర్తు దాకా నింపండి.

ఆ వేడెక్కే పది పదిహేను నిమిషాలూ మీటరు దగ్గర ఒకరు కూర్చోవాలి. ముల్లు మధ్య దాటి పైకి పోతోంది, పై పైపు మాత్రం ఇంకా చల్లగానే ఉందంటే వెంటనే ఆపేయండి. గాలి చిక్కి ఉండాలి, లేదా వాల్వ్ తెరుచుకోలేదు. చల్లబడ్డాక మళ్ళీ గాలి తీయడంతో మొదలుపెట్టండి. ముల్లు మధ్యకు కొంచెం కింద నిలబడి, కాసేపటికి ఫ్యాన్ తిరిగి, తానే ఆగిందంటే పని సరిగ్గా జరిగింది.

ఆయిల్, ఫిల్టర్ కూడా ఇప్పుడే మార్చేయండి. ఏడాదిగా పెట్రోల్, తేమ కలిసిన ఆయిల్ అది, వేడెక్కే ఇంజిన్లో దాన్ని ఇంక ఉంచకూడదు. ప్లగ్గులు నల్లగా మసి పట్టి ఉంటాయి, తీసి శుభ్రం చేయించండి లేదా కొత్తవి వేయించండి.

మొదటి ట్రిప్పు సగం లోడుతో వెళ్ళండి, వెంట అయిదు లీటర్ల నీళ్ళ క్యాను ఉంచుకోండి. తిరిగి ఎక్కేటప్పుడు అనంతగిరి దగ్గర ఒకసారి పక్కకు ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే ఫ్యాన్ శబ్దం వినండి, కింద ఎక్కడైనా కారుతోందేమో చూడండి, మూత మాత్రం ముట్టుకోవద్దు. మర్నాడు పొద్దున చల్లటి బండిలో మూత తీసి మట్టం చూస్తే కొంచెం తగ్గి ఉంటుంది, మిగిలిన గాలి బయటికి పోయిందని అర్థం, నింపేయండి. మూడో రోజు కూడా తగ్గుతుంటే అది లీకే, ఎక్కడో వెతకాలి. ఆ మూడు రోజుల మట్టం, ఘాట్ ఎక్కేటప్పుడు ముల్లు ఎక్కడ నిలిచిందీ రాసి పెట్టండి, తర్వాత మైలేజీ లెక్కతో కలిపి నాకు చెప్పండి.